స్విచ్ తాళం ఎవరి చేతిలో?

సబ్‌నెటింగ్ లెక్కలు నోటికొచ్చు. వీలాన్ అంటే ఏమిటో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. కానీ ‘ఈ స్విచ్‌లోకి ఎవరెవర్ని రానిస్తారు, ఎంతవరకు రానిస్తారు?’ అంటే మాత్రం చాలామంది ఫ్రెషర్లు తడబడతారు. నెట్‌వర్క్ ఉద్యోగంలో చేరిన మొదటి రోజే ఎదురయ్యే ఈ విషయంపై పట్టు సాధిస్తే ఇంటర్వ్యూలో మీ మాటకు బరువు పెరుగుతుంది.

ఓ ఇంటర్వ్యూ గది ఊహించుకోండి. తెల్లవారుజామున రాజమహేంద్రవరంలో రైలెక్కి విశాఖపట్నం చేరుకున్నారు. ఓఎస్ఐ లేయర్లు అడిగారు, చెప్పేశారు. ట్రంక్ పోర్టు, యాక్సెస్ పోర్టు తేడా అడిగారు, అదీ చెప్పేశారు. ఇక అయిపోయిందనుకునేలోపు ఎదురుగా ఉన్నాయన కుర్చీలో వెనక్కి వాలి ఇలా అడిగాడు.

‘మాకో ఆసుపత్రి క్లయింట్ ఉంది. మూడంతస్తులు, ఆరు స్విచ్‌లు. వాటిని చూసుకునేవాళ్లు నలుగురు. ఒక సీనియర్ ఇంజినీరు, ఇద్దరు షిఫ్టు ఇంజినీర్లు, కొత్తగా చేరిన ఒక ట్రైనీ. వాళ్లకు లాగిన్లు మీరే ఇవ్వాలి. ఎలా ఇస్తారు?’

ఇక్కడ రెండు రకాల జవాబులు వస్తుంటాయి. ‘అడ్మిన్ పాస్‌వర్డ్ ఒకటి పెట్టి నలుగురికీ చెప్పేస్తానండి, పని ఆగకూడదు కదా’ అనేది ఒకటి. ‘సెక్యూరిటీ ముఖ్యం కదండి, పాస్‌వర్డ్ సీనియర్ ఒక్కరి దగ్గరే ఉంచుతాను’ అనేది రెండోది. వినడానికి రెండూ బాగానే ఉంటాయి. రెండూ తప్పే. ఎందుకు తప్పో తెలిస్తే, సరైన జవాబు దానంతటదే వస్తుంది.

గేజి చూడటం వేరు, గేటు ఎత్తడం వేరు

గోదావరి జిల్లాల వాళ్లకు ఈ విషయం కొత్తేమీ కాదు. వరదల రోజుల్లో ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం ఎంతుందో ఊరంతా చెప్పుకుంటుంది. 11.75 అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. ఈ అంకెలు తెలుసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. తెలియడమే మంచిది కూడా, లంకల్లో ఉన్నవాళ్లు జాగ్రత్తపడతారు.

కానీ బ్యారేజీకి ఉన్న 175 గేట్లలో ఒక్కదాన్ని కదిపే పని మాత్రం ఎవరు పడితే వాళ్లు చేయరు. దానికి నియమించిన సిబ్బంది ఉంటారు. వాళ్లు కూడా పై ఇంజినీరు ఆదేశం లేకుండా గేటు ముట్టుకోరు. ఏ సమయంలో ఎంత నీరు వదిలారన్నది లెక్కల్లోకి ఎక్కుతుంది. రేపు కింద ఏదైనా పొలం మునిగితే ‘నిన్న రాత్రి ఏం జరిగింది?’ అన్న ప్రశ్నకు ఆ లెక్కే జవాబు.

స్విచ్ కూడా అంతే. అందులో గేజి చూడటం లాంటి పనులున్నాయి: పోర్టు పనిచేస్తోందా, ఎంత ట్రాఫిక్ వెళ్తోంది, ఏ యంత్రం ఎక్కడ తగిలించి ఉంది వంటివి. గేటు ఎత్తడం లాంటి పనులూ ఉన్నాయి: పోర్టు మూసేయడం, వీలాన్ మార్చడం, కాన్ఫిగరేషన్ చెరిపేయడం వంటివి. మొదటి రకం పనులు వీలైనంత మందికి ఇవ్వొచ్చు. రెండో రకం పనులు కొద్దిమందికే ఇవ్వాలి. రెండింటికీ లెక్క ఉండాలి. యూజర్ యాక్సెస్ నిర్వహణ అంటే ఇదే. మిగతాదంతా దీన్ని స్విచ్‌కి అర్థమయ్యే భాషలో చెప్పడమే.

మోరి దాకా వచ్చిన తీగ

‘ఇవన్నీ పెద్ద సిటీల్లో, పెద్ద కంపెనీల్లో కదా’ అనుకోకండి. కోనసీమలోని సఖినేటిపల్లి మండలంలో మోరి అనే ఊరుంది. సముద్రానికి దగ్గర్లో, కొబ్బరి తోటల మధ్య ఉండే ఊరు. 2016 డిసెంబర్ 29న ఏపీ ఫైబర్‌నెట్ తొలి దశను ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు అక్కడే ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే 15 ఎంబీపీఎస్ ఇంటర్నెట్, దాంతోపాటు టీవీ, ఫోన్ అన్నది అప్పటి ప్రకటన. ఏడాది తర్వాత, 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఈ ప్రాజెక్టును జాతికి అంకితం చేశారు. నేల తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగానే ఫైబర్ తీగ లాగడం దీని ప్రత్యేకత. ఇంటి దాకా తీసుకెళ్లే పనిలో ఊళ్లలోని కేబుల్ ఆపరేటర్లు భాగస్వాములయ్యారు.

తీగ వచ్చిందంటే దాని చివర ఓ పెట్టె ఉంటుంది. ఆ పెట్టెలోకి లాగిన్ అయ్యే మనిషి ఉంటాడు. ఇవాళ డెల్టాలో ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబులకీ, ఆసుపత్రులకీ, బ్యాంకు శాఖలకీ, భీమవరం వైపు రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లకీ నెట్‌వర్క్ లేనిదే పని జరగదు. ప్రతిచోటా గోడకు బిగించిన ర్యాకులో కనీసం ఒక స్విచ్ మినుకుమినుకుమంటూ ఉంటుంది. దాని పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది? మార్చి ఎన్నాళ్లయింది? బిగించి వెళ్లిన టెక్నీషియన్‌కి ఇంకా తెలుసా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పగలిగే మనిషి కావాలి. ఆ మనిషి మీరే కావచ్చు.

అందరికీ ఒకే తాళం ఇస్తే

మొదటి తప్పు జవాబు దగ్గరికి వద్దాం. నలుగురికీ ఒకటే పాస్‌వర్డ్. ఓ రాత్రి రెండింటికి ఆసుపత్రి ల్యాబులో కంప్యూటర్లు ఆగిపోయాయి. చూస్తే ఎవరో ఒక పోర్టును మూసేశారు. లాగ్‌లో ‘అడ్మిన్’ అని ఉంది. నలుగురూ అడ్మినే. ‘నేను కాదండి’ అని నలుగురూ అంటారు. అందులో ముగ్గురు నిజమే చెబుతారు, కానీ ఆ ముగ్గురెవరో తేల్చే దారి లేదు. నెపం ఎవరి మీద పడుతుందో చెప్పనక్కర్లేదు, కొత్తగా చేరిన ట్రైనీ మీదే. కాబట్టి ఎవరి లాగిన్ వాళ్లకు ఉండాలనేది పెద్దాయన్ని కాపాడే నియమం మాత్రమే కాదు, ముందుగా కాపాడేది మిమ్మల్నే.

ఇక ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్‌ను అలాగే వదిలేయడం ఇంకో ప్రమాదం. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ చేసిన పని ఇంతే. దాని దగ్గర అరవై పైచిలుకు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతల జాబితా ఉంది. అన్నీ కంపెనీలు ముందే పెట్టి పంపినవే. ఇంటర్నెట్‌లో కనిపించిన కెమెరాలు, వీడియో రికార్డర్లు, ఇళ్లలోని రౌటర్ల మీద వాటిని ఒక్కొక్కటిగా ప్రయత్నించింది. లక్షల పరికరాలు లొంగిపోయాయి. ఆ ఏడాది అక్టోబర్ 21న వాటి దాడితో డిన్ అనే డీఎన్ఎస్ సంస్థ సేవలు దెబ్బతిని ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి సైట్లు గంటల తరబడి చాలామందికి అందలేదు. ఇందులో గొప్ప హ్యాకింగ్ తెలివేమీ లేదు. తాళం మార్చకుండా వదిలేసిన తలుపులను తోసి చూడటమే.

ఒక్కరి దగ్గరే ఉంచితే

రెండో తప్పు జవాబుకు అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన కేసు మంచి ఉదాహరణ. ఆ నగర పాలనకు ఫైబర్‌వ్యాన్ అనే సొంత నెట్‌వర్క్ ఉంది. టెర్రీ చైల్డ్స్ అనే ఇంజినీరు దాన్ని చూసుకునేవాడు. పనిమంతుడే. కానీ కీలక పరికరాల్లోకి వెళ్లే పాస్‌వర్డ్‌లు ఆయన ఒక్కడి దగ్గరే ఉండిపోయాయి. 2008 జులైలో అధికారులు అడిగితే ఇవ్వనన్నాడు. అరెస్టయ్యాడు. నెట్‌వర్క్ నడుస్తూనే ఉంది, కానీ నగర అధికారులకు అందులోకి వెళ్లే దారి లేదు. చివరికి మేయర్ గావిన్ న్యూసమ్ స్వయంగా జైలుకు వెళ్తే అప్పుడు పాస్‌వర్డ్‌లు చెప్పాడు. 2010లో కోర్టు ఆయన్ను దోషిగా తేల్చి నాలుగేళ్ల శిక్ష వేసింది.

చైల్డ్స్‌ది మొండితనమా, నెట్‌వర్క్ మీద మమకారమా అన్న చర్చ అలా ఉంచండి. మనకు పనికొచ్చే పాఠం వేరే ఉంది. అడిగినరోజు ఇవ్వనన్నాడు కాబట్టి గొడవ బయటపడింది. అదే మనిషికి ఒంట్లో బాగోక ఆసుపత్రిలో చేరి ఉంటే? ఉద్యోగం మానేసి ఉంటే? ఒకే ఒక్కరి చేతిలో ఉన్న తాళం ఆ మనిషి మంచివాడైనా సమస్యే. అందుకే పద్ధతిగా నడిచే చోట అత్యవసర ఖాతా ఒకటి విడిగా పెడతారు. దాని పాస్‌వర్డ్‌ను సీల్ చేసిన కవర్లోనో, పాస్‌వర్డ్ వాల్ట్‌లోనో ఉంచుతారు. ఎప్పుడు తెరిచినా కారణం రాసి, పని అయ్యాక కొత్త పాస్‌వర్డ్ పెడతారు.

0 నుంచి 15 దాకా

మరి మధ్యేమార్గం ఏమిటి? సిస్కో స్విచ్‌ను తీసుకుంటే అందులో 0 నుంచి 15 వరకు 16 ప్రివిలేజ్ లెవెల్స్ ఉంటాయి.

లెవెల్ 0లో ఉన్నవాళ్లకు దాదాపు ఏమీ ఉండదు. ఎనేబుల్, డిసేబుల్, ఎగ్జిట్, హెల్ప్, లాగవుట్ అనే ఐదు కమాండ్లే పనిచేస్తాయి. లెవెల్ 1 మామూలుగా లాగిన్ అయిన యూజర్‌ది. కొన్ని షో కమాండ్లు, పింగ్ లాంటివి చేసుకోవచ్చు, దేన్నీ మార్చలేరు. స్క్రీన్ మీద స్విచ్ పేరు పక్కన బాణం మొన లాంటి గుర్తు కనిపిస్తే మీరు ఇక్కడున్నట్టు. లెవెల్ 15 పూర్తి అధికారం. అక్కడ ఆ గుర్తు బదులు హ్యాష్ గుర్తు వస్తుంది. మధ్యలోని 2 నుంచి 14 దాకా మనం అవసరాన్నిబట్టి తయారుచేసుకునేవి. పై లెవెల్లో ఉన్నవాళ్లు కింది లెవెల్ కమాండ్లన్నీ వాడుకోవచ్చు.

ఇప్పుడు ఆసుపత్రి లెక్క చూడండి. ట్రైనీకి లెవెల్ 1. షిఫ్టు ఇంజినీర్లకు లెవెల్ 7 అనుకుందాం. అందులోకి పోర్టును మూసి తెరవడం, పోర్టు వివరణ రాయడం లాంటి రోజువారీ పనులకు కావాల్సిన కమాండ్లు మాత్రమే దించుతారు. లెవెల్ 15 సీనియర్‌కి ఇస్తారు. సీలు కవర్లో ఉండే అత్యవసర ఖాతా కూడా ఇదే లెవెల్లో ఉంటుంది. నాలుగు పేర్లు, నాలుగు పాస్‌వర్డ్‌లు. లాగిన్ అయ్యాక మీరు ప్రస్తుతం ఏ లెవెల్లో ఉన్నారో షో ప్రివిలేజ్ కమాండ్ చెబుతుంది.

ఇందులో ఓ చిక్కుంది, ఇంటర్వ్యూల్లో దీన్ని అడగడానికి ఇష్టపడతారు. లెవెల్ 7 యూజర్‌కి షో రన్నింగ్ కాన్ఫిగ్ కమాండ్ ఇచ్చారనుకోండి. అతను టైప్ చేస్తే స్క్రీన్ దాదాపు ఖాళీగా వస్తుంది. స్విచ్ పాడైందని కంగారుపడొద్దు. ఆ యూజర్‌కి మార్చే అధికారం ఉన్న వరుసల్ని మాత్రమే స్విచ్ చూపిస్తుంది. మిగతావి దాచేస్తుంది. ఈ ఒక్క ముక్క చెప్పగలిగితే మీరు పుస్తకం చదివి రాలేదు, చేసి చూసి వచ్చారని ఎదుటివాళ్లకు తెలిసిపోతుంది.

లెవెల్స్ అనేవి మెట్లలాంటివి కాబట్టి ‘ఇతనికి ఇవి, ఆమెకు అవి’ అని అడ్డంగా విడగొట్టడం కష్టం. దానికోసం కొన్ని మోడళ్లలో పార్సర్ వ్యూ అనే పద్ధతి ఉంది. ఒక్కో పాత్రకు ఏయే కమాండ్లు కనిపించాలో జాబితా ఇచ్చేస్తాం. వేరే కంపెనీల పరికరాల్లో పేర్లు మారతాయి. జునిపర్‌లో సూపర్ యూజర్, ఆపరేటర్, రీడ్ ఓన్లీ లాంటి లాగిన్ క్లాసులుంటాయి. అరూబా పాత స్విచ్‌లలో ఆపరేటర్, మేనేజర్ అని రెండే ఉంటాయి. పేరు ఏదైనా ప్రశ్న ఒక్కటే: ఈ మనిషి పనికి ఇది అవసరమా?

తలుపులు లెక్కపెట్టండి

పాస్‌వర్డ్ గట్టిగా పెట్టి తలుపు ఒకటి తెరిచి వదిలేస్తే లాభం లేదు. స్విచ్‌లోకి వెళ్లే దారులు ముఖ్యంగా మూడు.

మొదటిది కన్సోల్ పోర్టు. కేబుల్ తగిలించి నేరుగా కూర్చునే దారి. సిస్కో క్యాటలిస్ట్ స్విచ్ ముందు భాగంలో మోడ్ అనే బటన్ ఉంటుంది. పరికరం చేతికి అందితే దాంతో పాస్‌వర్డ్ రికవరీ మొదలుపెట్టొచ్చు. కాబట్టి ర్యాకుకు తాళం వేయడం కూడా యాక్సెస్ నిర్వహణలో భాగమే. కాలేజీ వరండాలో తలుపు లేని ర్యాకు కనిపిస్తే ఈ మాట గుర్తుతెచ్చుకోండి.

రెండోది వీటీవై లైన్లు. దూరం నుంచి టెల్‌నెట్, ఎస్ఎస్‌హెచ్ ద్వారా వచ్చే దారి. టెల్‌నెట్‌లో పాస్‌వర్డ్ సహా ప్రతి అక్షరం ముసుగు లేకుండా తీగ మీద వెళ్తుంది. మధ్యలో ట్రాఫిక్ చూసేవాడికి అంతా కనిపిస్తుంది. అందుకే ఎస్ఎస్‌హెచ్ రెండో వెర్షన్ మాత్రమే ఉంచి టెల్‌నెట్ మూసేయాలి. ఏయే అడ్రస్‌ల నుంచి రావచ్చో యాక్సెస్ లిస్టుతో కట్టడి చేయాలి. పని లేకుండా వదిలేసిన సెషన్ దానంతటదే మూసుకునేలా టైమవుట్ పెట్టాలి. సిస్కోలో అది మామూలుగా 10 నిమిషాలు, ఇంకా తగ్గించుకోవచ్చు.

మూడోది వెబ్ పేజీ. బ్రౌజర్‌లో స్విచ్ అడ్రస్ కొడితే వచ్చే తెర. తేలిగ్గా ఉంటుంది కాబట్టి చాలామంది తెరిచి ఉంచేస్తారు. 2023 అక్టోబర్ 16న సిస్కో ఓ హెచ్చరిక జారీ చేసింది. ఐఓఎస్ ఎక్స్ఈ వెబ్ పేజీలోని లోపం ద్వారా దుండగులు ఏ పాస్‌వర్డూ లేకుండానే లెవెల్ 15 ఖాతా సృష్టించుకుంటున్నారన్నది దాని సారాంశం. సీవీఈ-2023-20198 అనే ఈ లోపానికి తీవ్రతలో 10కి 10 వేశారు. దుండగులు పెట్టుకున్న పేర్లలో ‘సిస్కో సపోర్ట్’, ‘సిస్కో టాక్ అడ్మిన్’ ఉన్నాయి. చూడగానే కంపెనీ వాళ్లే పెట్టి ఉంటారులే అనిపించేలా ఉన్నాయి కదా! అందుకే వెబ్ పేజీ అవసరం లేకపోతే ఆపేయాలి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయాలి. నెలకోసారైనా యూజర్ల జాబితా చూసి, ప్రతి పేరు వెనక మనిషి ఉన్నాడో లేడో సరిచూడాలి.

పాస్‌వర్డ్ దాచే తీరు కూడా ముఖ్యమే. సర్వీస్ పాస్‌వర్డ్ ఎన్‌క్రిప్షన్ అనే కమాండ్ పేరు చూసి మోసపోవద్దు. అది టైప్ 7 పద్ధతిలో దాస్తుంది, దాన్ని క్షణాల్లో విప్పేయొచ్చు. పక్కనుంచి తొంగిచూసేవాళ్ల కళ్లు కప్పడానికే అది పనికొస్తుంది. యూజర్ పాస్‌వర్డ్‌కైనా, ఎనేబుల్‌కైనా ‘సీక్రెట్’ అనే రూపమే వాడాలి. అందులోనూ పాత ఎండీ5 ఆధారిత టైప్ 5 కంటే టైప్ 8, టైప్ 9 గట్టివి.

ఆరు స్విచ్‌లు అరవై అయితే

ఆరు స్విచ్‌లలో నాలుగు పేర్లు చేత్తో రాయొచ్చు. అరవై స్విచ్‌లైతే? ఒకరు ఉద్యోగం మానేస్తే అరవై చోట్లా ఆ పేరు తీసేయాలి. ఒక్కచోట మర్చిపోయినా తలుపు తెరిచి ఉన్నట్టే. అందుకే పేర్లన్నీ ఒక సర్వర్‌లో పెట్టి, స్విచ్‌లన్నీ దాన్ని అడిగేలా చేస్తారు. దీన్నే ఏఏఏ అంటారు. మొదటి ‘ఏ’ అథెంటికేషన్, అంటే నువ్వెవరు? రెండోది ఆథరైజేషన్, అంటే ఏం చేయొచ్చు? మూడోది అకౌంటింగ్, అంటే ఏం చేశావు? బ్యారేజీ సిబ్బంది, వాళ్లకొచ్చే ఆదేశం, రాసుకునే లెక్క అనే మూడింటిని గుర్తుపెట్టుకుంటే ఇది మర్చిపోరు.

స్విచ్‌కీ సర్వర్‌కీ మధ్య మాటలకు రెండు ప్రొటోకాల్స్ ఎక్కువగా వాడతారు. రేడియస్ యూడీపీ 1812, 1813 పోర్టుల మీద నడుస్తుంది. ప్యాకెట్‌లో పాస్‌వర్డ్‌ను మాత్రమే దాస్తుంది. టకాక్స్ ప్లస్ టీసీపీ 49 మీద నడుస్తుంది. ప్యాకెట్ లోపలి సమాచారం మొత్తాన్ని దాస్తుంది. యూజర్ కొట్టే ఒక్కో కమాండ్‌కీ ‘ఇది చేయొచ్చా’ అని సర్వర్‌ను అడిగే వీలు ఇందులో ఉంది. అందుకే వైఫై, నెట్‌వర్క్ యూజర్ల లాగిన్లకు రేడియస్, పరికరాల అడ్మినిస్ట్రేషన్‌కు టకాక్స్ ప్లస్ అన్నది వాడుకలో ఉన్న విభజన.

సర్వరే పడిపోతే? అప్పుడు స్విచ్‌లోనే ఉన్న లోకల్ ఖాతాతో వెళ్లేలా రెండో దారి పెట్టి ఉంచాలి. ఇది మర్చిపోయి తమను తామే బయట పెట్టుకుని తాళం వేసుకున్న ఇంజినీర్లు ఎందరో. దూరం నుంచి ఏఏఏ సెట్టింగులు మారుస్తున్నప్పుడు ఉన్న సెషన్ మూయకుండా, ఇంకో విండోలో కొత్తగా లాగిన్ అయి చూడండి. అది పనిచేశాకే సేవ్ చేయండి. ‘పది నిమిషాల తర్వాత రీలోడ్’ అని ముందే టైమర్ పెట్టుకుంటే, పొరపాటు జరిగినా సేవ్ చేసిన పాత కాన్ఫిగరేషన్‌తో స్విచ్ మళ్లీ లేస్తుంది. అంతా సవ్యంగా ఉంటే ఆ టైమర్ రద్దు చేయడం మాత్రం మర్చిపోవద్దు. రీలోడ్ అయితే కాసేపు నెట్‌వర్క్ ఆగుతుంది కాబట్టి, ఆసుపత్రి లాంటి చోట ముందుగా అనుమతి తీసుకున్న సమయంలోనే ఈ పని పెట్టుకోవాలి.

లాగ్ దాచడం చట్టం చెప్పిన మాట

మన దేశంలో సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న కొన్ని ఆదేశాలిచ్చింది. వాటి ప్రకారం సంస్థలు తమ ఐసీటీ వ్యవస్థల లాగ్‌లను 180 రోజుల పాటు భద్రపరచాలి. సైబర్ ఘటన గుర్తించిన 6 గంటల్లో తెలియజేయాలి. యంత్రాల గడియారాలను ఎన్ఐసీ లేదా ఎన్‌పీఎల్ టైమ్ సర్వర్లతో గానీ, వాటితో సరిపోయే సర్వర్లతో గానీ కలపాలి. స్విచ్ గడియారం తప్పుంటే ‘రాత్రి 2 గంటలకు ఎవరు లాగిన్ అయ్యారు’ అన్న ప్రశ్నకు విలువ ఉండదు. ఇంటర్వ్యూలో యాక్సెస్ గురించి చెబుతూ ఎన్‌టీపీ, సిస్‌లాగ్ సర్వర్ మాట కూడా కలిపి చెప్పండి. మీరు విషయాన్ని మొత్తంగా చూస్తున్నారని అర్థమవుతుంది.

ఇంట్లోనే సాధన

దీనికి ఖరీదైన స్విచ్ కొనక్కర్లేదు. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో పేరు నమోదు చేసుకుంటే ప్యాకెట్ ట్రేసర్ ఉచితంగా వస్తుంది. మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. ఓ ఆదివారం కేటాయించి ఈ వరుసలో చేయండి.

1. ఒక స్విచ్, రెండు పీసీలు పెట్టండి. స్విచ్‌కి పేరు, మేనేజ్‌మెంట్ అడ్రస్ ఇవ్వండి.

2. ఎనేబుల్ సీక్రెట్ పెట్టండి. ఆపై ట్రైనీ, షిఫ్ట్, సీనియర్ అనే మూడు పేర్లు వేర్వేరు లెవెల్స్‌తో సృష్టించండి. ముగ్గురికీ సీక్రెట్ రూపమే వాడండి.

3. డొమైన్ నేమ్ ఇచ్చి 2048 బిట్ల ఆర్ఎస్ఏ కీ తయారుచేయండి. వీటీవై లైన్లలో లాగిన్ లోకల్ పెట్టి, ఎస్ఎస్‌హెచ్ మాత్రమే అనుమతించండి.

4. రెండో పీసీ నుంచి టెల్‌నెట్‌తో ప్రయత్నించండి. రాకూడదు. రాకపోవడాన్ని చూడటం కూడా పరీక్షే.

5. మూడు పేర్లతో ఒక్కొక్కటిగా లాగిన్ అయి ఒకే పని చేసి చూడండి. ఎవరికి ఏది కుదిరింది, ఏది కుదరలేదు అని నోటుబుక్కులో పట్టిక రాయండి.

6. ఒక పీసీకి మాత్రమే అనుమతి ఉండేలా యాక్సెస్ లిస్టు కట్టండి. రెండోదాన్నుంచి ఆగుతోందో లేదో చూడండి.

ప్యాకెట్ ట్రేసర్‌లో అన్ని కమాండ్లూ పనిచేయవు. ఏదైనా రాకపోతే మీ తప్పే అనుకోకండి. ఆ నోటుబుక్కు పట్టిక మాత్రం దాచుకోండి. రెజ్యూమెలో ‘నెట్‌వర్కింగ్ తెలుసు’ అని రాసేకంటే ‘ముగ్గురు యూజర్లకు మూడు స్థాయుల యాక్సెస్ ల్యాబ్ చేశాను’ అని రాస్తే అడగడానికి వాళ్లకో ప్రశ్న దొరుకుతుంది, చెప్పడానికి మీకో జవాబు ఉంటుంది.

సర్టిఫికేషన్ వైపు వెళ్లాలనుకునేవాళ్లకు సీసీఎన్ఏ 200-301 పరీక్షలో సెక్యూరిటీ ఫండమెంటల్స్‌కు 15 శాతం వెయిటేజీ ఉంది. లోకల్ పాస్‌వర్డ్‌లతో పరికరాల యాక్సెస్ కట్టడి చేయడం, ఏఏఏ భావనలు అందులోవే. పరీక్ష ఫీజు డాలర్లలో ఉంటుంది, మధ్యతరగతి ఇంటికి చిన్న మొత్తం కాదు. కాబట్టి ముందు సాధన పూర్తిచేసి, నమ్మకం వచ్చాకే స్లాట్ బుక్ చేసుకోండి.

ఒక హెచ్చరిక. సాధన పేరుతో కాలేజీ స్విచ్‌లోకో, పక్కింటి రౌటర్‌లోకో అనుమతి లేకుండా వెళ్లొద్దు. పాస్‌వర్డ్ తెలిసినంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు. ఐటీ చట్టం 2000లోని 43, 66 సెక్షన్ల కింద దురుద్దేశంతో ఇలా చేస్తే మూడేళ్ల వరకు జైలు, అయిదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడే అవకాశముంది. సరదాకి చేశానంటే ఉద్యోగం చేతికొచ్చే వయసులో కేసు చుట్టుకుంటుంది.

ఇలా అడిగితే ఇలా చెప్పండి

‘లెవెల్ 1కీ లెవెల్ 15కీ తేడా?’ అంటే హ్యాష్ గుర్తు దగ్గర ఆగిపోకండి. ఒకటి చూడటానికి, ఇంకొకటి మార్చడానికి అని చెప్పి, మధ్యలో 2 నుంచి 14 ఎందుకున్నాయో ఓ ఉదాహరణ ఇవ్వండి.

‘ఉద్యోగి మానేస్తే మొదట ఏం చేస్తారు?’ అంటే ఆ రోజే ఖాతా తీసేస్తాం, అతనికి తెలిసిన ఉమ్మడి పాస్‌వర్డ్‌లు ఏమైనా ఉంటే మారుస్తాం, ఎస్ఎన్ఎంపీ కమ్యూనిటీ పేర్లు కూడా చూస్తాం అని చెప్పండి. చివరి ముక్క చాలామందికి గుర్తురాదు.

‘మీ మేనేజరే ఫోన్ చేసి మీ పాస్‌వర్డ్ చెప్పమంటే?’ ఇది గమ్మత్తైన ప్రశ్న. భయపడకుండా, మర్యాదగా చెప్పాలి. ‘నా పాస్‌వర్డ్ చెప్పనండి. మీకు యాక్సెస్ కావాలంటే మీ పేరు మీదే ఖాతా ఇచ్చే పద్ధతి ఉంటుంది, దాని ప్రకారం వెంటనే ఇప్పిస్తాను’ అనండి. చైల్డ్స్ కేసుకీ దీనికీ తేడా ఇక్కడే ఉంది. సంస్థకు దారి మూయడం లేదు, మీ పేరు ఇంకొకరికి అరువివ్వడం లేదు.

తొలిరోజు చిన్న లాగిన్

ఉద్యోగం వచ్చింది. మొదటి రోజు టీమ్ లీడ్ మీ చేతికి రీడ్ ఓన్లీ లాగిన్ ఇచ్చాడు. నాలుగేళ్లు చదివి, సర్టిఫికెట్ తెచ్చుకుని వస్తే పోర్టు తెరిచే అధికారం కూడా ఇవ్వలేదేమిటని చిన్నబుచ్చుకోవడం సహజం. చాలామంది అక్కడే మనసు పాడుచేసుకుంటారు. పక్క సీట్లో అన్నయ్యని అడిగి అతని పాస్‌వర్డ్‌తో పనిచేయడం మొదలుపెడతారు. ఆ అలవాటు ఎప్పుడో ఓ రాత్రి ఇద్దరి ఉద్యోగాలకూ ఎసరు పెడుతుంది.

నిజానికి ఆ చిన్న లాగిన్ ఓ మంచి అవకాశం. దేన్నీ చెడగొట్టలేరు కాబట్టి నిర్భయంగా అన్నీ చూడొచ్చు. ఏ పోర్టు ఎక్కడికి వెళ్తుందో, మామూలు రోజున ట్రాఫిక్ ఎంతుంటుందో కళ్లకు అలవాటవుతుంది. మామూలు రోజు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లే తేడా వచ్చిన రోజు ముందుగా పట్టుకుంటారు. అనుభవమున్న ఇంజినీర్లు లెవెల్ 15 చేతిలో ఉన్నా రోజువారీ పనికి చిన్న ఖాతానే వాడతారు. అవసరమైనప్పుడే పైకి వెళ్లి, పని కాగానే దిగిపోతారు.

ఇప్పుడు మళ్లీ ఆ ఇంటర్వ్యూ గదిలోకి రండి. ఆసుపత్రి, ఆరు స్విచ్‌లు, నలుగురు మనుషులు. ఎదురుగా ఉన్నాయన జవాబు కోసం చూస్తున్నాడు. ‘నలుగురికీ నాలుగు పేర్లు ఇస్తానండి. ట్రైనీకి చూసే అధికారం, షిఫ్టు వాళ్లకు రోజువారీ మార్పులు, సీనియర్‌కి పూర్తి అధికారం. ఎవరూ లేనప్పుడు వాడటానికి సీలు కవర్లో ఇంకో ఖాతా. ఎస్ఎస్‌హెచ్ తప్ప మిగతా దారులు మూస్తాను. ఎవరు ఏం చేశారో లాగ్ సర్వర్‌కి పంపిస్తాను. మూడు నెలలకోసారి జాబితా తిరగేస్తాను.’

ఆయన తర్వాతి ప్రశ్న బహుశా ఇలా ఉంటుంది: ‘ఎప్పుడు జాయినవుతారు?’ ఒకవేళ అది కాకపోయినా, జవాబు తెలిసిన మనిషిగా ఆ గదిలోంచి బయటికొస్తారు. తర్వాతి ఇంటర్వ్యూకి అది చాలు.